అనంతపురం గాలి: మంటల ఆనవాళ్ల అన్వేషణ

గాలిలో తేలే నలుసులను రసాయనికంగా పరీక్షించి, అవి ఏ మంటలో పుట్టాయో తేల్చే శాస్త్రంలో అనంతపురానిది చిన్న అధ్యాయమే, కానీ చిక్కులున్న అధ్యాయం. డీజిల్, కట్టెలు, పిడకలు, రాక్షసిబొగ్గు... వీటి పొగలు కంటికి ఒకేలా కనిపించినా, వాటితో పాటు వచ్చే రసాయనాలు వేరు. ఆ రసాయనాలనే ఆనవాళ్లుగా వాడతారు. ఈ కరవు సీమలో చిక్కంతా ఎర్రమట్టితోనే. గాలికి లేచిందంటే అది పరికరాల ముందు పొగ వేషం కడుతుంది.

ఈ లెక్కకు పునాది 1973లో అమెరికా శాస్త్రవేత్త షెల్డన్ ఫ్రీడ్‌లాండర్ వేశాడు. ఒక్కో మూలం నుంచి వచ్చే ధూళిలో మూలకాల పాళ్లు ముందే తెలిస్తే, వడపోత కాగితంపై చిక్కిన మిశ్రమంలో ఎవరి వాటా ఎంతో వెనక్కి లెక్కగట్టవచ్చన్నది ఆయన పద్ధతి. సీసం కనిపిస్తే పెట్రోలు, వెనేడియం కనిపిస్తే ఫర్నేస్ ఆయిల్, పొటాషియం కనిపిస్తే కట్టెలు అని గుర్తు. భారతదేశంలో 2000లో సీసం కలిపిన పెట్రోలు నిలిచిపోవడంతో మొదటి గుర్తు పనికిరాకుండా పోయింది. ఊపిరితిత్తులకు మేలు జరిగితే పరిశోధకులకు ఒక ఆధారం పోయింది.

తర్వాత దృష్టి సేంద్రియ అణువుల మీదికి మళ్లింది. 1996లో జేమ్స్ షావర్, గ్లెన్ కాస్ బృందం లాస్ ఏంజెలిస్ ధూళిలో వాటిని వాడి మూలాల వాటాలు పంచింది. కందెన నూనెలో ఉండే హోపేన్లు వాహనాలను పట్టిస్తాయి. 1999లో బెర్న్డ్ సిమోనైట్ బృందం లెవోగ్లూకోసాన్ అనే చక్కెర జాతి పదార్థాన్ని కట్టెల పొగకు గుర్తుగా ప్రతిపాదించింది. సెల్యులోజ్ సుమారు 300 డిగ్రీలు దాటి వేడెక్కి విరిగినప్పుడే అది పుడుతుంది కాబట్టి, డీజిల్ నుంచి వచ్చే అవకాశం లేదు. పిడకల సంగతి 2003లో తేలింది. దక్షిణాసియా వంటచెరకులను కాల్చి చూసిన రెబెకా షీస్లీ బృందానికి, పశువుల పేగుల్లో మాత్రమే తయారయ్యే కొన్ని స్టానాల్ పదార్థాలు పిడకల పొగలో దొరికాయి. గడ్డి పొగనూ గడ్డి తిన్న ఆవు పేడ పొగనూ వేరుచేసే ఆనవాలు అది.

2009లో ఓర్యన్ గుస్టాఫ్సన్ బృందం దక్షిణాసియా మసిపై రేడియో కార్బన్‌ను వాడింది. కోట్ల ఏళ్ల నాటి బొగ్గు, చమురులో కార్బన్-14 మిగలదు, నిన్నటి కట్టెలో ఉంటుంది. మాల్దీవుల్లోనూ, పుణె దగ్గరి సింహగఢ్‌లోనూ పట్టిన మసిని అలా పరీక్షిస్తే జీవ ఇంధనాల వాటా ఒక పద్ధతిలో 46 శాతం, మరో పద్ధతిలో 68 శాతం వచ్చింది. మసిని మిగతా కార్బన్ నుంచి వేరుచేసే తీరు మారితే జవాబు ఇంత మారుతుంది. అందుకే ఈ రంగంలో ఒంటరి శాతాన్ని నమ్మకూడదు.

అనంతపురంలో మసిని కొలిచే పని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగం చేతుల మీదుగా సాగింది. ఇస్రో ఏరోసాల్ కేంద్రాల వ్యవస్థలో భాగంగా అక్కడ ఎథలోమీటరు పెట్టి బ్లాక్ కార్బన్‌ను, అంటే మసిని, కొలుస్తూ వచ్చారు. యంత్రం లోపల తెల్లటి క్వార్ట్జ్ టేపు మీదుగా గాలి పీలుస్తుంది. టేపుపై పడ్డ బూడిదరంగు మచ్చ ఎంత కాంతిని అడ్డుకుంటుందో చూసి మసిని లెక్కిస్తుంది. తెల్లవారాక ఒక పెరుగుదల, మధ్యాహ్నం తగ్గుదల, రాత్రికి మళ్లీ పెరుగుదల కనబడ్డాయి. చలికాలంలో ఎక్కువ, వానాకాలంలో తక్కువ. పొయ్యిలు, వాహనాలు కొంత కారణమైతే, రాత్రి నేలకు దగ్గరగా దిగిపోయే గాలిపొర మరికొంత కారణం. ఏమైనా యంత్రం నలుపును కొలుస్తుందే తప్ప దాని పుట్టుకను చెప్పదు.

పుట్టుక చెప్పించే ఉపాయం ఒకటి 2008లో స్విట్జర్లాండ్ ఆల్ప్స్ లోయలో వచ్చింది. కట్టెల పొగ అతినీల, నీలి కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది, డీజిల్ మసిలో ఆ మొగ్గు చాలా తక్కువ. ఆ తేడాతో రెండింటినీ విడదీశారు. చలికాలపు ఆల్ప్స్‌లో ఎర్రమట్టి లేదు మరి! మన నేల ఎరుపంతా హెమటైట్ వంటి ఐరన్ ఆక్సైడ్లదే, వాటికీ నీలి కాంతిని మింగే గుణముంది. ఈ సీమలోని రామగిరి గాలిమరలను తిప్పే జూన్, జూలై గాలులకు దుమ్ము లేస్తే, కట్టె వెలిగించకపోయినా కట్టెల వాటా పెరిగినట్టు లెక్క తేలగలదు.

పొటాషియానిదీ అదే కథ. గ్రానైట్, నైస్ రాళ్లు అరిగి అయిన మట్టిలో ఫెల్డ్‌స్పార్ ఉంటుంది, దానిలో పొటాషియం ఉంటుంది. అయితే బూడిదలోని పొటాషియం లవణాలు నీళ్లలో కరుగుతాయి, ఫెల్డ్‌స్పార్‌లోది కరగదు. కాబట్టి ఇలాంటి చోట మొత్తం పొటాషియం కాకుండా, నీళ్లలో కరిగినదాన్నే కొలవాలి. తాడిపత్రి సిమెంటు కర్మాగారాల ధూళికి గుర్తయిన కాల్షియానికీ సున్నం ఉన్న నేలతో ఇదే పేచీ.

లెవోగ్లూకోసాన్ మట్టి వేషానికి మోసపోదు గానీ ఎండకు ఓర్వదు. హైడ్రాక్సిల్ రాడికల్ దాడికి వేసవిలో ఒకటి రెండు రోజుల్లో చాలావరకు విరిగిపోతుందని 2010లో క్రిస్టఫర్ హెన్నిగన్ బృందం చూపింది. అంటే నల్లమల కార్చిచ్చు పొగ ఎండలో తేలుతూ ఇక్కడికి వచ్చేసరికి అసలు కంటే తక్కువగా కనిపించవచ్చు. సర్కారు తుమ్మతో కట్టెబొగ్గు కాల్చే బట్టీ నుంచి ఈ పదార్థం వస్తుంది. అదే బొగ్గును ఇస్త్రీ పెట్టెలో మండిస్తే చాలా తక్కువ, ఎందుకంటే సెల్యులోజ్ అప్పటికే బట్టీలో పోయింది. పంట వ్యర్థాల పొగ విషయంలో మాత్రం వరిగడ్డి తగలబెట్టే పంజాబు లెక్క ఇక్కడ చెల్లదు. వేరుశనగ కట్టె పశువుల మేత, దాన్ని తగలబెట్టే రైతు అరుదు.

ఇక నగరాల లెక్కలకు వస్తే, హైదరాబాదులో 2005-06లో పంజాగుట్ట, చిక్కడపల్లి, సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంతాల్లో నమూనాలు తీసి రసాయన లెక్కలు కట్టారు, వాహనాలూ రోడ్డు దుమ్మూ ప్రధానమని తేలింది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద, ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ నుంచి చేరిన 13 నగరాల్లో అనంతపురం ఒకటి. ఆ కార్యక్రమం లక్ష్యాలను మొదట పీఎం 10, పీఎం 2.5 అనే నలుసుల తగ్గింపుగానే పెట్టారు. పీఎం 10లో మట్టి వాటా పెద్దది కావడంతో, అనంతపురం వంటి చోట రోడ్లు ఊడ్చి నీళ్లు చల్లినా ఆ అంకె తగ్గుతుంది, పొయ్యి పొగ మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది.