పాత పేపరు నుంచి ప్యాడ్ దాకా

కుక్కపిల్లకు ఇంట్లో పరిచే ప్యాడ్‌లో కుక్క కోసమే పుట్టినది దాదాపు ఏమీ లేదు. ప్యాడ్ రాకముందు అమెరికాలో పాత న్యూస్‌పేపర్లే పరిచేవారు. తడి కాస్తా నేలకు దిగేది. అక్కడి వ్యవసాయ శాఖకు చెందిన పియోరియా ప్రయోగశాల మొక్కజొన్న పిండిపదార్థానికి కొత్త ఉపయోగాలు వెతుకుతూ, తన బరువుకు వందల రెట్లు నీరు పీల్చే పదార్థాన్ని రూపొందించింది. ఆ కోవ పాలిమర్లు 1980లలో పసిపిల్లల డైపర్లలోకి వచ్చాయి. పైన మెత్తటి పొర, నడుమ తడికి జెల్‌గా ఉబ్బే గుళికలు, అడుగున ప్లాస్టిక్: ప్యాడ్ అంటే విప్పి పరిచిన డైపరే.

ప్యాడ్ వల్ల ఇంట్లోనే మూత్రం పోయడం అలవాటవుతుందని ఒక అభ్యంతరం. అందులో నిజముంది. కుక్కపిల్ల మూడు వారాలకే పడుకునే చోటు వదిలి పక్కకు వెళ్తుంది, కాలికింది స్పర్శను గుర్తుపెట్టుకుంటుంది. మెత్తటి కార్పెట్టూ దానికి ప్యాడ్‌లాగే తోచవచ్చు. కానీ ఆ చిక్కు అపార్ట్‌మెంట్ తెచ్చిపెట్టినది. టీకాలు పూర్తికాని పిల్లను ఇరవయ్యో అంతస్తు నుంచి గంటగంటకూ దించేదెవరు?