పాల ధర ఎవరు పెడతారు? హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పాడి రైతులు తెలుసుకోవాల్సిన లెక్క ఇదే

శ్రీ సత్యసాయి జిల్లా: ప్యాకెట్ పాల ధర పెరిగితే కొనేవాళ్లకు భారమే. మరి పాలు పోసే రైతుకు ఎంత దక్కుతోంది? హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాలకు పాల డబ్బే రోజువారీ ఆదాయం. అసలు ఈ ధర ఎవరు నిర్ణయిస్తారో చూద్దాం..

ధర ప్రభుత్వం చేతిలో ఉందా?
లేదు. కేంద్రం 22 పంటలకు మద్దతు ధర ప్రకటిస్తుంది. ఆ జాబితాలో పాలు లేవు. సేకరణ ధర, ప్యాకెట్ ధర రెండూ డెయిరీలే ఖరారు చేస్తాయి. 1991లో డెయిరీ రంగంలో లైసెన్సుల విధానం ఎత్తేశారు. మరుసటి ఏడాది, 1992 జూన్ 9న వచ్చిన కేంద్రం ఉత్తర్వుతో రోజుకు 10 వేల లీటర్లు దాటిన డెయిరీలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది. పాలు ఎక్కడ సేకరించాలో హద్దులూ పెట్టారు. 2002లో ఆ హద్దులు తీసేశారు. దీంతో ఏ డెయిరీ అయినా ఏ ఊళ్లోనైనా పాలు కొనొచ్చు.

సరిహద్దు దాటితే రూ.5 తేడా
హిందూపురం పక్కనే కర్ణాటక. అక్కడ నందిని సహకార సంఘాలకు పాలు పోసే రైతుకు డెయిరీ ధరతో పాటు ప్రభుత్వం లీటరుకు రూ.5 ప్రోత్సాహకం ఇస్తోంది. గౌరిబిదనూరు రైతుకు వచ్చే ఆ ఐదు రూపాయలు హిందూపురం రైతుకు రావు. ఏపీలో పోటీ పెంచేందుకంటూ గత ప్రభుత్వం 2020 జులైలో అమూల్‌తో ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది డిసెంబర్ 2న చిత్తూరు, కడప, ప్రకాశం జిల్లాల్లో సేకరణ మొదలైంది. కొనే డెయిరీలు నాలుగుంటే రైతు బేరమాడొచ్చు. ఒక్కటే ఉంటే వాళ్లు ఇచ్చిందే రేటు.

అసలు లెక్క వెన్న శాతంలోనే
ఉదాహరణకు కిలో వెన్నకు రూ.800 లెక్కన కడితే, 6 శాతం వెన్న ఉన్న కిలో గేదె పాలకు రూ.48 వస్తుంది. మెషీన్ 5.5 చూపిస్తే రూ.44 మాత్రమే. అర పాయింట్ తేడాకే రూ.4 పోయింది. రోజూ 10 కిలోలు పోసే రైతుకు నెలకు రూ.1,200 నష్టం! అందుకే రేటు ఒక్కటే చూస్తే సరిపోదు. తూకం, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ రాసిన స్లిప్ ప్రతి పూటా తీసుకోవాలి. సేకరణలో మోసాల నుంచి రైతులను కాపాడేందుకు 2023లో రాష్ట్రంలో ప్రత్యేక చట్టం కూడా వచ్చింది.

కొనేవాళ్లూ చూసుకోవాలి
టోన్డ్ పాలలో 3 శాతం, ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం వెన్న ఉండాలి. మామూలు ప్యాకెట్ పాలపై జీఎస్టీ లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి నెలల తరబడి నిల్వ ఉండే యూహెచ్‌టీ పాలపైనా 5 శాతం పన్ను తీసేశారు. ఫ్రిజ్ ఖర్చు పేరుతో ఎంఆర్‌పీ కన్నా రూపాయి ఎక్కువ తీసుకున్నా అది నేరమే. 1915 నంబర్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.