పునీతుని పరిహాసము

పునీతుడు అనగానే ముడివడిన కనుబొమలు, ఉపవాసములచే కృశించిన దేహము మన మనస్సునకు తోచుట సహజము. కాని పదునారవ శతాబ్దమున రోము నగరవాసులు తమ పునీతుని తలచుకొన్నప్పుడు ముందుగా నవ్వుకొనెడివారు. ఆయనయే ఫిలిప్ నేరి.

ఫిలిప్ 1515లో ఫ్లారెన్సు నగరమున జన్మించెను. వర్తకుడైన బంధువునకు వారసుడగు అవకాశమును వదలుకొని, యౌవనముననే రోము చేరెను. 1527లో సైన్యములు కొల్లగొట్టిన ఆ నగరము అప్పటికింకను తేరుకొనలేదు. ఫిలిప్ వేదికలెక్కి పాపులను గద్దింపలేదు. వీథులలో, అంగళ్లలో యువకులను పలుకరించి, పరిహాసమాడి, స్నేహము చేసికొని, పిమ్మట వారిని ఆసుపత్రులలోని రోగుల సేవకు తోడ్కొనిపోయెడివాడు. 1548లో పేద యాత్రికుల కొరకు ఒక సేవాసంఘమును నెలకొల్పెను. 1551లో గురుపట్టము పొందెను.

ఆయన గది తలుపు ఎవరికిని మూసియుండెడిది కాదు. అక్కడ పిల్లలు చేయు అల్లరిని గూర్చి ఎవరో ఫిర్యాదు చేయగా, వారు పాపము చేయకున్నచో చాలును, తన వీపుమీద కట్టెలు కొట్టుకొన్నను సరియేనని ఆయన బదులిచ్చెనట!

ఈ పరిహాసమునకు ఒక లక్ష్యము కలదు. తన్ను మహాత్ముడని జనులు పొగడుట మొదలిడగా, సగము గడ్డము గొరిగించుకొని నలుగురిలోనికి వచ్చెనని ఆయన చరిత్రకారులు చెప్పుదురు. గొప్పవారు దర్శనార్థము వచ్చినప్పుడు హాస్యకథల పుస్తకమును చదివించి వినెడివాడు. పండిన పండితుడైన శిష్యుడు సీజర్ బరోనియస్‌ను వంటపనికి నియమించెను. ఆతడు వంటశాలలో తన పేరు వ్రాసి, ప్రక్కన ‘శాశ్వత వంటవాడు’ అని చేర్చెనని ప్రతీతి. ఆ వంటవాడే పండ్రెండు సంపుటముల క్రైస్తవ సంఘచరిత్రను రచించి, కార్డినల్ పదవి నందెను. ఫిలిప్ పరిహాసము దుర్బలులను గాయపరచలేదు. అహంకారమునే, అందును ముందు తన అహంకారమునే, గురిచేసికొన్నది.

నవ్వు నిజమైనదో కాదో అవమానమునందే తెలియును. నాలుగవ పాల్ పోపు కాలమున కొందరు ఫిలిప్‌ను శంకించిరి. జనులను గుంపులుగా కూర్చి తిరుగుచున్నాడని అధికారులు మందలించి, పాపసంకీర్తనములు వినరాదని కొంతకాలము నిషేధించిరి. ఆయన ఎదిరింపలేదు, ఎవరిని దూషింపలేదు, ఆజ్ఞను శిరసావహించెను. తుదకు నిషేధము తొలగెను. 1575లో పదుమూడవ గ్రెగరీ పోపు ఆయన ఒరటోరియో సమాజమును అధికారికముగా గుర్తించెను. అచటి సంగీత ప్రార్థనల నుండియే ‘ఒరటోరియో’ అను సంగీత ప్రక్రియకు ఆ పేరు వచ్చినది.

మన దేశముతో ఈయనకొక అనుబంధము కలదు. ఫ్రాన్సిస్ జేవియర్ ఇండియానుండి పంపిన లేఖలు ఆ గదిలో చదువబడెడివి. వానిని విని ఫిలిప్ తానును బయలుదేరనెంచెను. అయితే ఒక సన్యాసి, ఆయన ఇండియా రోములోనే యున్నదని చెప్పెను. ఫిలిప్ ఆ మాటను మన్నించి, 1595 మే 26న కన్నుమూయువరకు ఆ నగరముననే నిలిచెను.

1622 మార్చి 12న వారిరువురును ఒకే దినమున పునీతులుగా ప్రకటింపబడిరి. ఒకరు సముద్రములు దాటి దూరదేశమునకు వచ్చినవారు. ఒకరు నవ్వుచు తన గది తలుపు తెరచి యుంచినవారు.