కాయ దుడ్డు జమలో రాయొద్దు

"అప్పులన్నీ చెప్పక్కా. బ్యాంకుదొకటే చెప్తే చాలదు."

2007 ఏప్రిల్. బెళుగుప్ప మండలంలో ఒక ఊరి బడి వరండా. పన్నెండు మంది ఆడవాళ్లు చాప మీద కూర్చున్నారు. సంఘం లెక్కలు రాసే అమ్మాయి ముందు ఒక పెద్ద కాగితం పరిచి ఉంది. సూక్ష్మ రుణ ప్రణాళిక అంటారు దాన్ని. ఇంటికి ఏం వస్తుంది, ఏం పోతుంది, ఎవరికి ఎంత బాకీ, ఎంత వడ్డీకి అని అందులో గళ్లు. అవి నిండితేనే సంఘానికి బ్యాంకు రుణం.

"బ్యాంకులో ఇరవై అయిదు వేలు" అని ఊరుకుంది వాళ్లలో ఒకామె.

పక్కనున్న పెద్దామె ఊరుకోలేదు. "మీ అత్తకు ఆపరేషన్ యా దుడ్డుతో చేయిస్తివి మే? బోరు యా దుడ్డుతో ఏయిస్తిరి?"

అందరి ముందూ చెప్పాల్సి వచ్చింది. ఆపరేషన్‌కు తెచ్చిన 12,000, నూటికి నెలకు అయిదు రూపాయల వడ్డీ. నీళ్లు పడని బోరుకు 40,000, మూడు రూపాయల వడ్డీ. కుదువలో ఉన్న కమ్మలు, గుండ్ల సరం మీద 15,000, రెండు రూపాయలు. అయిదు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి అరవై. ఊళ్లో ఎవరూ దాన్ని ఏడాది లెక్కన చూడరు. నెలకు అయిదే కదా అనుకుంటారు. ఇళ్లు మునిగేది అక్కడే.

ఆ రాత్రి ఇంట్లో ఇంకొకటి బయటపడింది. బెంగళూరు బేల్దారి పని నుంచి ఊరికొచ్చి ఉన్న భర్త తల దించుకుని చెప్పాడు. కళ్యాణదుర్గంలో ఎరువుల కొట్టుకు 9,000 బాకీ ఉందట, రెండు రూపాయల వడ్డీ.

"నాకు చెప్పల్యా?"

"చెప్తే ఏం చేస్తావు? నువ్వూ నిద్ర పోకుండా ఉంటావు. అంతే గదా."

ఈ గాథలో ఆమెకు పేరు లేదు. మహిళా సంఘాల ఆసరాతో అప్పుల్లోంచి తేరుకున్న కరువు పల్లెల ఇళ్ల తీరును ఒక గడపలోకి తెచ్చి, మాటలూ ఇంటి లెక్కలూ కల్పించి చెబుతున్న కథనం ఇది. ఏళ్లు, కరువులు, పథకాలు, బ్యాంకు నిబంధనలు మాత్రం జరిగినవి జరిగినట్టే. 2003లో జాతీయ నమూనా సర్వే లెక్క తీస్తే ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 82 రైతు కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి. దేశంలో అంత ఎక్కువ మరే రాష్ట్రంలోనూ లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే సాధారణం అనుకునే అనంతపురంలో, ఆ వాన మీదే చెనక్కాయ వేసే ఇంటికి అప్పు కొత్త సంగతి కాదు. కొత్త సంగతల్లా దాన్ని కాగితం మీద పెట్టడమే.

కూతురు అప్పుడు ఎనిమిదో తరగతి. దాని పాత లాంగ్ నోట్‌బుక్కులో వెనక మిగిలిన తెల్ల కాగితాలు తీసుకున్నారు. ఎడమ పేజీ జమ, కుడి పేజీ ఖర్చు. తల్లి చెబుతుంటే కూతురు రాసింది. అయిదు బాకీలు కూడితే 1,01,000. బ్యాంకుది పక్కన పెట్టినా, మిగతా నాలుగింటికి వడ్డీయే నెలకు 2,280. అసలులో ఒక్క రూపాయి తగ్గకుండా ఏడాదికి 27,360 పోతోంది. ఆ అంకె కింద కూతురు ఎర్ర పెన్నుతో గీత గీసింది. దాన్ని చూసి భర్త లేచి వాకిట్లోకి వెళ్లి బీడీ ముట్టించాడు.

జమ రాయడం దగ్గర చిక్కొచ్చింది. ఈ ఇంటికి నెల జీతం లేదు. భర్త ఆరేడు నెలలు బెంగళూరులో ఉంటాడు, మిగతా కాలం సేద్యం. ఎనుము ఈనినప్పుడు పాలు, లేనప్పుడు లేవు. కూలి కొన్నాళ్లే. ఇంకొకటి, ఉపాధి హామీ. ఆ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న దేశంలోనే మొదటగా ఇదే జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. అప్పుడు కూలి రోజుకు 80 రూపాయలు, ఏడాదికి ఇంటికి నూరు రోజులు. ఇవన్నీ ఏడాది మొత్తానికి వేసి పన్నెండుతో భాగిస్తే నెలకు బెంగళూరు కూలి 2,400, పాలు 750, ఉపాధి, ఊరి కూలి కలిపి 1,000. మొత్తం 4,150.

"కాయ దుడ్డు రాయల్యా?" అన్నాడు భర్త. అయిదెకరాల చెనక్కాయ. అదే కదా సేద్యం.

మూల మంచం మీద నుంచి అత్త పలికింది. "కాయ దుడ్డు జమలో రాయొద్దు. మీ నాయన ముప్పై ఏండ్లు కాయ వస్తాదని లెక్కేసుకునే అప్పులు చేసినాడు. వచ్చినప్పుడు చూసుకుందాం."

ఈ లెక్కల పుస్తకాన్ని నిలబెట్టింది ఆ ఒక్క మాటే అంటాను. మనం ఆశను ఆదాయంగా రాసుకుంటాం. మెట్టసీమలో ఆశ పేరు చెనక్కాయ. దాన్ని జమ పేజీలోంచి తీసేశాక మిగిలిన 4,150 మాత్రం గట్టి సొమ్ము. దాని మీద కట్టిన లెక్క వాన రాకపోయినా కదలదు.

సంఘానికి రుణం జూన్‌లో వచ్చింది. ఎక్కువ వడ్డీ అప్పులు తీర్చుకోవడానికి ఒక్కో సంఘానికి 5 లక్షల దాకా బ్యాంకులు ఇచ్చే ఏర్పాటు ఆ ఏళ్లలో నడిచింది. ఆమె వాటా 35,000, నూటికి రూపాయి వడ్డీ. కంతులు తప్పకుండా కడితే పావలా పోగా మిగతా వడ్డీని అప్పట్లో ప్రభుత్వం వెనక్కిచ్చేది. ఆమె ఆ సొమ్ముతో మొదట అయిదు రూపాయల అప్పు పూర్తిగా తీర్చేసింది. మిగిలిన 23,000 బోరు అప్పుకు జమ చేస్తే అందులో 17,000 నిలిచింది.

ఇప్పుడు నెలకు కట్టాల్సింది: సంఘం కంతు 1,200, బోరు వడ్డీ 510, కొట్టుకు 180, బంగారానికి 300. మొత్తం 2,190. కూతురు రెండుసార్లు కూడింది. నిన్నటిదాకా వడ్డీకే 2,280 పోయేది. ఇప్పుడు 90 రూపాయలు తక్కువ కడుతున్నారు, పైగా మూడేళ్లలో 35,000 అసలు కూడా కరిగిపోతుంది. ఆమె ఆ పేజీని మర్నాడు సంఘానికి తీసుకెళ్లి అందరికీ చూపించింది.

మిగిలింది 1,960. అయిదుగురి తిండి, కరెంటు, మందులు, బడి. రేషన్ బియ్యం ఇరవై కిలోలు 105 రూపాయలు. రాగులు చేలోవి. బ్యాళ్లు, నూనె, చింతపండు కొలిచి కొన్నారు. బీడీకట్టలు వారానికి రెండని భర్తే చెప్పి రాయించుకున్నాడు. పాలన్నీ కేంద్రానికి పోస్తే ఇంకో నూరు వస్తుందని లెక్క తేలినా ఆమె ఒప్పుకోలేదు. "పిల్లోళ్లకు పావు లీటరు. రాయి." పిల్లల పాలు ఖర్చు పేజీలో ఒక వరస అయ్యాయి. పొదుపు పేరుతో పిల్లల కంచంలో కోత పెట్టే ఇళ్లను చూస్తే నాకు బాధ. ఆమె ఆ పని చేయలేదు.

పొదుపు అనే మాట పల్లెల్లో ఆడవాళ్ల మాటగా మారడానికి వెనుక పెద్ద కథే ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ లాంటి ఆడవాళ్లు సారా అంగళ్ల మీద తిరగబడ్డారు. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే దుడ్డు చేతిలో మిగిలితే, రోజుకొక రూపాయి దాచడం అక్కడి సంఘాలు మొదలుపెట్టాయి. బెళుగుప్పలో చాప మీద కూర్చున్న పన్నెండు మందికి ఆ పేర్లు తెలియకపోవచ్చు. కానీ వాళ్ల సంఘం పుట్టిన దారి అదే.

2007లో వానలు బాగా పడ్డాయి. విత్తనం, ఎరువు, కూలీలు, బ్యాంకు వడ్డీ పోగా 19,000 చేతిలో పడింది. ఆ రాత్రి ఇంట్లో పెద్ద మాటలయ్యాయి.

"ఇంకో రెండొందల అడుగులు దింపితే నీళ్లు పడతాయంటాండారు. నీళ్లు చూసేటాయన అరచేతిలో కొబ్బరికాయ నిలబడిందే! హంద్రీ–నీవా కాలువ జీడిపల్లికి వస్తే భూమిలో నీళ్లు ఊరతాయి. ఇప్పుడే ఏసుకుంటే..."

"కాలువ వచ్చినప్పుడు ఏద్దాం. ఈ దుడ్డు పాత బోరుదే."

"పాత బోరులో నీళ్లే లేవు గదే!"

"నీళ్లు లేకున్నా వడ్డీ ఊరతాంది గదా."

మూడు రోజులు ఆయన ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. నాలుగో రోజు తనే వెళ్లి 17,000 కట్టి ప్రోనోటు తెచ్చి ఇచ్చాడు. మిగిలిన రెండు వేలలో వెయ్యి పెట్టి ఆమె పొట్టేలు పిల్లను కొన్నది. ఎందుకో తర్వాత చెబుతాను.

బోరు వడ్డీ 510 మిగిలింది కదా. దాన్ని ఇంటి ఖర్చులోకి రానివ్వకుండా కొట్టు బాకీకి కలిపింది. నెలకు 690. 2008 ఏప్రిల్‌లో రెండు రూపాయల బియ్యం వచ్చాక రేషన్‌లో 65 తగ్గింది. అదీ కొట్టుకే.

ఆ ఏడు ఫిబ్రవరిలోనే కేంద్ర బడ్జెట్‌లో 60,000 కోట్ల రుణమాఫీ ప్రకటించారు. ఊరంతా సంబరం. కానీ మాఫీ 2007 మార్చి 31కి ముందు తీసుకుని, గడువు మీరి మిగిలిపోయిన పంట రుణాలకు. వీళ్లు 2006 కరువులోనూ రోజు వడ్డీకి తెచ్చి పాతది కట్టి, 2007 జూన్‌లో రెన్యువల్ చేసుకున్నారు. జాబితాలో పేరు రాలేదు.

"కట్టనోళ్లకు మాఫీ, కట్టినోళ్లకు మొండిచెయ్యి" అని భర్త పుస్తకాన్ని విసిరేశాడు. ఆయన కోపంలో న్యాయం ఉంది. క్రమంగా కట్టిన రైతుల మనసు ఆ ఏడు చాలా ఊళ్లలో విరిగింది. సంఘంలో కూడా ఇద్దరు, మనవీ మాఫీ అవుతాయేమో, కంతులు ఆపుదామన్నారు. ఒకరు ఆపితే పన్నెండు మందికీ పావలా వడ్డీ పోతుందని లెక్కలమ్మాయి చెప్పింది. ఆమె ఆ నెల కంతు అందరికన్నా ముందు కట్టింది.

2009 ఉగాదికి కొట్టు బాకీ తీరింది. ఆ వేసవిలోనే ఊరి దేవర.

దేవర అంటే తెలియని పాఠకులకు చెప్పాలి. కొన్నేళ్లకొకసారి ఊరి దేవతకు చేసే జాతర. ప్రతి ఇంటా పొట్టేలు తెగాలి. చుట్టాలు, స్నేహితులు, వాళ్ల స్నేహితులు కూడా వస్తారు. ఆడపడుచులకు చీరలు పెట్టాలి. పరువు దగ్గర వెనకాడలేక ఒక్క రోజుకు పది, పదిహేను వేలు అప్పు చేసి, రెండు మూడేళ్లు వడ్డీ కట్టిన ఇళ్లు అనంతపురం పల్లెల్లో కోకొల్లలు. పంట నష్టం గురించి రాసినంతగా మనం దీని గురించి రాయలేదు. దేవర వస్తుందని ఆమెకు రెండేళ్ల ముందే తెలుసు. వెయ్యి రూపాయల పిల్ల ఇప్పుడు బలిసిన పొట్టేలు. మిగిలిన వెయ్యి సంఘం పొదుపులో ఉంది. చీరలు ఇద్దరు ఆడపడుచులకే, ఉరవకొండలో కొన్న నూలువి. పిలుపులు తగ్గించారు. చిన్నాడపడుచు ముఖం మాడ్చుకుంది, "మా అన్న ఇంట్లో ఇంత కరువు ఎప్పుడొచ్చె?" అని. అత్త కూతురి మీదే విరుచుకుపడింది. "కరువు ముప్పై ఏండ్ల నుంచి ఉండాది. ఇప్పుడు రాసుకుంటాండాం, అంతే."

తర్వాత అసలు కరువే వచ్చింది. 1972 తర్వాత దేశంలో అంత తక్కువ నైరుతి వాన 2009లోనే. చెనక్కాయ ఊడ దిగకుండానే ఎండింది. కాయ దుడ్డు పుస్తకంలో లేదు కాబట్టి ఆ పోటు నేరుగా లెక్కకు తగల్లేదు. కానీ ఎనుము కూడా వట్టిపోయింది. నెలకు 750 తెగింది. మూడు నెలలు కుడి పేజీ ఎడమ పేజీని మించింది.

సరిగ్గా అప్పుడే మోటారు సైకిల్ మీద ఒక కుర్రాడు వచ్చాడు. కాగితాలు అక్కర్లేదు, పది వేలు చేతిలో పెడతాం, వారం వారం కడితే చాలన్నాడు. వీధిలో నలుగురు తీసుకున్నారు. ఆమె పుస్తకం తెచ్చి వారం కంతు ఏ వరసలో రాయాలో చూసింది. చోటు లేదు. సంఘం సొంత పొదుపులోంచి రూపాయి వడ్డీకి మూడు వేలు తీసుకుని ఆ మూడు నెలలు గట్టెక్కింది. మరుసటి ఏడు రాష్ట్రమంతా ఆ వారం కంతుల వేధింపులు, ఆత్మహత్యలు వార్తలయ్యాయి. 2010 అక్టోబర్ మధ్యలో ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్స్ తెచ్చింది.

అది దసరా వారం. 2010 జూన్‌కు సంఘం రుణం తీరిపోయింది, ఆ 1,200 కూడా బంగారం మీదకు మళ్లింది. పండగకు రెండు రోజుల ముందు భార్యాభర్తలిద్దరూ వెళ్లి కమ్మలు, సరం విడిపించుకొచ్చారు. తులం ధర మూడేళ్లలో రెట్టింపైంది. వడ్డీ మీద వడ్డీ పెరిగి వేలంలో పోయి ఉంటే ఆ ఇల్లు మళ్లీ కొనగలిగేది కాదు.

బ్యాంకు పంట రుణం 25,000 మాత్రం అలాగే ఉంది. దాన్ని తీర్చేయాలని ఆమె తొందరపడలేదు. ఏడాదికి ఏడు రూపాయల వడ్డీ అప్పును చూసి భయపడనక్కర్లేదని అప్పటికి ఆమెకు తెలుసు. ఆమెను బాధించింది వేరే. ఏటా జూన్‌లో పాత రుణం కట్టి కొత్తది తీసుకోవడానికి రెండు రోజుల కోసం బయట తెచ్చే సొమ్ము. 2010లో కూడా ఆ రెండు రోజులకు 500 పోయింది.

అందుకే నవంబర్ నుంచి నెలకు 2,190 కట్టడం ఆమె ఆపలేదు. ఇప్పుడు కట్టించుకోవడానికి సావుకారి లేడు. సంఘంలో తన పేరుతోనే దాచింది. ఏడు నెలలకు 15,330. మిగతాది ఆ ఏటి కాయ దుడ్డులోంచి.

2011 జూన్‌లో ఇద్దరూ బ్యాంకుకు వెళ్లారు. కౌంటర్ దగ్గర గుమాస్తా అలవాటుగా అడిగాడు, "యాడ తెచ్చినారు, రోజు వడ్డీకేనా?"

"మాదే సార్" అన్నాడు భర్త.

మధ్యాహ్నానికి కొత్త రుణం చేతికొచ్చింది. విత్తనకాయకు ఎంత, ఎరువుకు ఎంత, మందుకు ఎంత అని బ్యాంకు అరుగు మీద కూర్చుని రాసుకున్నాకే లేచారు.