దంతవైద్యుడి చేతికి గ్లౌజు వచ్చేసరికి

పన్ను పీకినా, గార తీసినా చిగురు నుంచి ఎంతో కొంత నెత్తురు వస్తుంది. ఆ నెత్తురూ లాలాజలమూ దంతవైద్యుడి వేళ్లకు అంటక తప్పదు. అయినా 1980ల మధ్య దాకా అమెరికాలో దంతవైద్యులు చాలామంది ఉత్త చేతులతోనే పనిచేశారు. శాస్త్రం తెలియక కాదు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో సర్జన్ విలియం హాల్‌స్టెడ్ ఆపరేషన్ గదికి రబ్బరు గ్లౌజులు తెప్పించి అప్పటికి దాదాపు వందేళ్లు. బెర్లిన్‌లో పనిచేసిన అమెరికన్ దంతవైద్యుడు విలోబీ మిల్లర్ నోటి సూక్ష్మజీవుల మీద పెద్ద గ్రంథం ప్రచురించింది 1890లో. తెలిసిన సంగతి అలవాటుగా మారడానికే అంత కాలం పట్టింది.

ఈలోగా ప్రమాదం పెరిగింది. 1957లో దంతవైద్యుడు జాన్ బోర్డెన్ రూపొందించిన ఎయిరోటర్ మార్కెట్‌లోకి వచ్చింది. గాలి ఒత్తిడితో నిమిషానికి లక్షల సార్లు తిరిగే ఆ డ్రిల్ రోగి బాధను ఎంతో తగ్గించింది. కానీ పన్ను వేడెక్కకుండా చిమ్మే నీరు నోటిలోని ఉమ్మినీ నెత్తురునూ కలుపుకుని సన్నని తుంపరగా గదిలోకి లేస్తుంది. డ్రిల్ ఆగే క్షణంలో నోటిలోని ద్రవం కొంత డ్రిల్ పిడి అయిన హ్యాండ్‌పీస్ లోపలికి వెనక్కి పీల్చుకుపోతుంది. పైన స్పిరిట్‌తో ఎంత తుడిచినా లోపలి గొట్టం శుభ్రపడదు. తరువాతి రోగి నోట్లో డ్రిల్ తిరగగానే అది బయటికి రావచ్చు.

అసలు భయం హెపటైటిస్-బి. ఎండిన నెత్తుటిలోనూ ఈ వైరస్ వారం రోజులు బతుకుతుంది. పైగా ఒంట్లో అది ఉన్నవారు చాలాసార్లు ఆరోగ్యంగానే కనిపిస్తారు. 1984-85లో ఇండియానా రాష్ట్రపు పల్లెప్రాంతంలో ఒక దంతవైద్యుడి నుంచి తొమ్మిది మంది రోగులకు ఈ వ్యాధి సోకింది, ఇద్దరు చనిపోయారు. ఆయన మామూలుగా గ్లౌజులు వేసుకునేవాడు కాదు. చూసి పోల్చుకోలేని వ్యాధికి మందు ఒక్కటే: ప్రతి రోగి నెత్తురునూ సోకినదిగానే భావించి పనిచేయడం. 1986లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, సీడీసీ, దంతవైద్యులకు ఇదే సూత్రాన్ని సూచించింది. అది సూచనే, చట్టం కాదు.

దేశాన్ని కదిలించింది ఫ్లోరిడా ఉదంతం. ఎయిడ్స్ ఉన్న ఒక దంతవైద్యుడి దగ్గర కింబర్లీ బెర్గాలిస్ అనే యువతి 1987లో పళ్లు తీయించుకుంది. ఆమెకు ఎయిడ్స్ వైరస్ హెచ్ఐవీ అక్కడే సోకి ఉండవచ్చని సీడీసీ 1990 జులైలో ప్రకటించింది. చివరికి అలా ఆ క్లినిక్‌తో ముడిపడిన హెచ్ఐవీ సోకిన రోగులు ఆరుగురని తేలింది. జన్యు పరీక్షలు సంబంధాన్ని చూపాయి కానీ, వైరస్ ఏ దారిన సోకిందో ఎవరూ తేల్చలేకపోయారు. నిజానికి వ్యాధి ఉన్నవారి నెత్తురు అంటిన సూది గుచ్చుకుంటే హెచ్ఐవీ సోకే అవకాశం వెయ్యికి మూడు, హెపటైటిస్-బి అయితే నూటికి ముప్పై దాకా ఉంటుంది. జనాన్ని వణికించింది మాత్రం మొదటిదే. 1991 డిసెంబరులో 23 ఏళ్లకే బెర్గాలిస్ కన్నుమూసింది. రక్తం ద్వారా వ్యాపించే వ్యాధులపై సమాఖ్య ప్రభుత్వ నిబంధన వెలువడిందీ ఆ నెలలోనే. గ్లౌజులు, మాస్కులు, ఉచితంగా హెపటైటిస్-బి టీకా సిబ్బందికి ఇవ్వడం యజమాని బాధ్యతయింది.

1993 నాటి సీడీసీ మార్గదర్శకాలు ఒక్కో రోగి తరువాత హ్యాండ్‌పీస్‌ను వేడితో క్రిమిరహితం చేయాలన్నాయి. తుడుపు పద్ధతికి అలా కాలం చెల్లింది. మిగిలింది నీరు. డ్రిల్‌కు నీరు తెచ్చే సన్నని గొట్టాల లోపలి గోడల మీద బ్యాక్టీరియా పొరగా పేరుకుంటుంది. ఆ నీటిలో బ్యాక్టీరియా ఉంటుందని 1963లోనే ఒక బ్రిటిష్ పరిశోధకుడు గుర్తించినా, శ్రద్ధ మాత్రం ఆలస్యంగానే వచ్చింది. 2003 మార్గదర్శకాల ప్రకారం మామూలు చికిత్సకు వాడే నీటిలో మిల్లీలీటరుకు 500కు మించి బ్యాక్టీరియా ఉండకూడదు. ఎముక బయటపడే శస్త్రచికిత్సకు ఆ గొట్టాల నీరు పనికిరాదు, క్రిమిరహిత ద్రవమే వాడాలి.