తీరం నుంచి సముద్రపక్షుల లెక్క

బ్రిటన్, ఐర్లండ్ తీరాల పక్కగా ఆగస్టు నుంచి నవంబరు దాకా సముద్రపక్షుల వలస సాగుతుంది. ఉత్తరాన పిల్లలను పెంచిన స్కువాలు, టెర్న్‌లు, గానెట్లు చలి ముదరకముందే దక్షిణానికి మళ్లుతాయి. ఒడ్డున ఒకచోట కూర్చుని వాటిని జాతులవారీగా లెక్కపెట్టే పద్ధతి అంచెలంచెలుగా రూపుదిద్దుకుంది.

ఈ పనికి పునాది వేసింది దీపస్తంభాల కాపలాదారులు. 1879లో పక్షి పరిశీలకులు జాన్ కార్డో, జాన్ హార్వీ-బ్రౌన్ తీరంలోని దీపస్తంభాలకు, లంగరేసి ఉండే దీపనౌకలకు అచ్చు ఫారాలు పంపారు. మరుసటి ఏడు బ్రిటిష్ అసోసియేషన్ అనే శాస్త్ర సంస్థ ఇందుకోసం ఒక కమిటీని వేసింది. తేదీ, వేళ, గాలి దిక్కు, కనిపించిన పక్షి పేరు కాపలాదారులు నమోదు చేసేవారు. ఐర్లండ్‌లో రిచర్డ్ బారింగ్టన్, దీపాల అద్దాలకు కొట్టుకుని చనిపోయిన పక్షుల రెక్కలు, కాళ్లు కూడా తెప్పించుకుని జాతులను నిర్ధారించాడు. ఆ వివరాలన్నీ 1900లో పుస్తకంగా వెలువరించాడు. విలియం ఈగిల్ క్లార్క్ 1901 శరత్తులో దాదాపు నెల రోజులు ఎడిస్టోన్ దీపస్తంభంలోనే ఉండి వలసను గమనించాడు. అయితే ఆనాటి నమోదుల్లో ఎక్కువ భాగం రాత్రివేళ దీపాల చుట్టూ ముసిరే నేలపక్షులవే.

1933లో రోనల్డ్ లాక్లీ వేల్స్ దగ్గరి స్కోఖోమ్ దీవిలో బ్రిటన్ తొలి పక్షి పరిశీలన కేంద్రాన్ని నెలకొల్పాడు. 1959లో ఐర్లండ్ నైరుతి కొసన ఉన్న కేప్ క్లియర్ దీవిలో మరొకటి వెలిసింది. అక్కడ గంటల తరబడి సముద్రం మీదే చూపు నిలిపినవారికి కొత్త సంగతి తెలిసింది. దక్షిణార్ధగోళంలో గూళ్లు కట్టే సూటీ షియర్‌వాటర్, గ్రేట్ షియర్‌వాటర్ పక్షులు ఏటా వేసవి చివర, శరత్తులో ఆ తీరం పక్కనుంచి పోతున్నాయి. అంతవరకు అరుదనుకున్న అతిథులు నిజానికి క్రమం తప్పని బాటసారులు.

లెక్కించే తీరు పైకి సులువుగా కనిపిస్తుంది. టెలిస్కోప్‌ను ఒక దిక్కుకు నిలిపి, ఊహారేఖను దాటే పక్షులను గంటగంటకూ రాసుకుంటారు. గుంపు పెద్దదైతే ముందు పదింటిని లెక్కించి, అలాంటి పదులు ఎన్ని ఉన్నాయో అంచనా కడతారు. దూరాన రంగులు తెలియవు కాబట్టి ఎగిరే తీరే గుర్తు. షియర్‌వాటర్ రెక్కలు బిర్రుగా చాచి, అలల మీద ఒకసారి ఈ పక్కకు, ఒకసారి ఆ పక్కకు ఒరుగుతూ జారిపోతుంది. దగ్గరగా వచ్చినప్పుడు రంగు కూడా పనికొస్తుంది: లేత గానెట్ ముదురు గోధుమ రంగులో ఉంటుంది. పూర్తి తెలుపు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది.

ఎన్ని కనిపిస్తాయన్నది గాలి చేతిలో ఉంటుంది. నైరుతి గాలి పక్షులను ఐరిష్ సముద్రం వైపు నెట్టాక వాయవ్యానికి తిరిగితే, అట్లాంటిక్‌కు మళ్లే గుంపులు కార్న్‌వాల్‌లోని సెయింట్ ఐవ్స్ ఒడ్డుకు అతి దగ్గరగా వెళ్తాయి. ప్రశాంతంగా ఉన్న రోజున అవే పక్షులు చూపుకందనంత దూరంలో సాగిపోతాయి. అందువల్ల ఒక్కరోజు లెక్కతో ఒక జాతి పెరిగిందనో తరిగిందనో తేల్చడం కుదరదు. అదే చోట, అదే నెలల్లో, అదే పద్ధతిలో ఏళ్ల తరబడి చేసిన లెక్కకే విలువ.

కార్న్‌వాల్‌లోని గ్వెనాప్ హెడ్‌లో 2007 నుంచి 2011 దాకా ఈ పద్ధతిలోనే పరిశీలన సాగింది. తీవ్ర ముప్పులో ఉన్న బాలియారిక్ షియర్‌వాటర్ అందులో ముఖ్యాంశం. ఈ పక్షి స్పెయిన్‌కు చెందిన బాలియారిక్ దీవుల్లో తప్ప మరెక్కడా గూడు కట్టదు. గూళ్ల కాలం ముగిశాక కొంత భాగం ఉత్తరానికి వస్తుంది. అలాంటి పక్షి ఏ నెలలో ఏ జలాల్లో తిరుగుతుందో తెలిస్తేనే, గూళ్లకు దూరంగా ఉన్న కాలంలోనూ దాన్ని కాపాడే వీలుంటుంది.