చల్క నేలల తైలము

హైదరాబాదునకు దక్షిణమున మహేశ్వరము, ఇబ్రహీంపట్నము మొదలుకొని కల్వకుర్తి, దేవరకొండల వరకును వ్యాపించిన మెట్టభూములలో, చెరువునీరు అందని చల్క నేలలు వరిపైరును పోషింపజాలనివైనను, వానచినుకునే నమ్ముకొని ఆముదపు పంటను తరతరములుగ పండించుచు వచ్చినవి. ఆ గింజనుండి తైలమును వేరుపరచి, మలినములను తొలగించి, తుదకు దానినుండి నూతన పదార్థములను పుట్టించిన విద్యకు మొదటి ప్రయోగశాల పల్లెయింటి పెరటిపొయ్యియే యని నేను దృఢముగ నమ్ముదును.

వంటాముదము చేయు విధానమును శ్రద్ధతో గమనించినవారికి ఈ మాట అతిశయోక్తిగ తోచదు. గింజలను మంగలములో దోరగ వేయించి, రోట దంచి ముద్దచేసి, ఆ ముద్దను పెద్దకుండలోని నీటిలో కలిపి చాలసేపు ఉడికింపగా, తైలము మెల్లమెల్లగ పైకి తేలును. దానిని గరిటెతో తేర్చి వేరొక పాత్రలో పోసి, మరల సన్నని సెగపై కాచి, చిటపటలు పూర్తిగ అణగిన పిమ్మట దించి, బట్టలో వడకట్టుదురు. ఇందు ఏ ఒక్క క్రియయు నిరర్థకము కాదు. ఆముదపు గింజలో తైలముతోబాటు రిసిన్ అను ఘోరవిషము కలదు. 1888లో డోర్పాట్ విశ్వవిద్యాలయమున స్టిల్‌మార్క్ అను పరిశోధకుడు దానిని గింజనుండి వేరుచేసి ఆ పేరు పెట్టెను. అది మాంసకృత్తు గావున తైలమున కరగదు, మరుగునీటి వేడికి తన విషశక్తిని కోల్పోవును. అదే గింజలో తైలమును విడగొట్టి పులియజేయు ఎంజైము కూడ నుండును. మంగలపు వేడికి అదియు నశించుటచేత తైలము త్వరగ ఆమ్లత్వమును పొందదు. ఇక చిటపటలు ఆగుట యనునది తైలమునందలి నీరు సంపూర్ణముగ తొలగినదనుటకు ప్రత్యక్షప్రమాణము. గానుగ ఆముదమును దీపములకును, బండి ఇరుసులకును వినియోగించి, పసిబిడ్డల కడుపులోనికి మాత్రము వంటాముదమునే పోసిన ఆ గృహిణులు పదార్థశుద్ధికిని ప్రాణరక్షణకునుగల సంబంధమును ఎరిగినవారు. వారి పేర్లు ఏ శాస్త్రచరిత్రయందును లేకపోవుట నాకు ఎన్నటికిని బాధాకరమే.

తక్కిన నూనెలకును ఆముదమునకును గల భేదమునకు మూలము రిసినోలెయిక్ ఆమ్లము. ఈ తైలమునందలి కొవ్వు ఆమ్లములలో నూటికి ఎనుబదియైదు పాళ్లకు పైగా అదియే యుండును. పదునెనిమిది కర్బన పరమాణువుల దాని గొలుసులో పండ్రెండవదానిపై నొక హైడ్రాక్సిల్ సమూహము నిలిచియుండుటచేత, ఆముదము చిక్కనై, ఆల్కహాలునందు సులభముగ కరగుచు, పెట్రోలియం ద్రావకములయందు మాత్రము అంతగ కలియదు. ఈ గుణమువలననే మొదటి ప్రపంచయుద్ధకాలమున విమానముల రోటరీ యంత్రములకు ఆముదమే కందెనయయ్యెను. ఇంధనముగ యంత్రములోనికి పోవు పెట్రోలు ఈ కందెనను కరగించి కొనిపోలేకపోయెడిది.

ఆముదమును బాగుగ కాచి స్వేదనము చేసినచో అది విరిగి వేరు పదార్థములుగ మారునని ఫ్రాన్సు దేశమున బుస్సీ, లెకాను అను రసాయనజ్ఞులు 1827లోనే కనుగొనిరి. 1877లో క్రాఫ్ట్ అను జర్మను రసాయనజ్ఞుడు ఆ క్రియను అల్పపీడనమున జరిపి, అన్‌డిసైలెనిక్ ఆమ్లమును చక్కగ వేరుపరచెను. గాలి ఒత్తిడి తగ్గినకొలది పదార్థములు తక్కువ వేడికే ఆవిరియగును గావున, మామూలు స్వేదనమున మాడిపోవలసిన పదార్థములు కూడ అక్షతముగ చేతికి వచ్చును. పెరటిపొయ్యికిని ప్రయోగశాలకును గల నిజమైన అంతరము ఇచ్చటనే యున్నదని నా అభిప్రాయము.

హైదరాబాదు రాజ్యప్రభుత్వము 1944లో శాస్త్ర పారిశ్రామిక పరిశోధనల కొరకు కేంద్ర ప్రయోగశాలలను నెలకొల్పెను. సయ్యద్ హుస్సేన్ జహీర్ నాయకత్వమున అవి వృద్ధిచెంది, 1956లో ప్రాంతీయ పరిశోధనాలయమై, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థయను నామమును వహించినవి. తార్నాకలోని ఆ సంస్థకు 1950లో కె. టి. అచ్చయ్య వచ్చిరి. లివర్‌పూల్‌లో హిల్డిచ్ పండితునియొద్ద కొవ్వుల రసాయనమును అభ్యసించిన ఆయన, ఇరువది సంవత్సరములకు పైగా ఇచ్చట తైలములపై పరిశోధన చేసి, ఆముదమునుండి పుట్టు రసాయనములను గురించి 1971లో అమెరికా తైల రసాయనజ్ఞుల పత్రికలో సమగ్రమైన సమీక్షను ప్రకటించిరి.

రిసినోలెయిక్ ఆమ్లమును శుద్ధముగ సంపాదించుట ఎంత ఓర్పుతో కూడిన పనియో చెప్పవలసియున్నది. ముందుగ ఆముదమును ఆల్కహాలు కలిపిన పొటాషుతో కాచి సబ్బుగ మార్చి, దానిపై ఖనిజామ్లమును పోసి కొవ్వు ఆమ్లములను విడిపించి, ఆ మిశ్రమమును చల్లని పెట్రోలియం ఈథరుతో మరల మరల కడిగినచో, హైడ్రాక్సిల్ లేని తక్కిన ఆమ్లములు ఆ ద్రావకముతో వెడలిపోవగా, రిసినోలెయిక్ ఆమ్లము చాలవరకు అడుగున మిగులును. ఇంత శ్రమపడి సీసాలో పోసిన తరువాతనైనను అది నిలకడగ నుండదు. ఒక అణువు హైడ్రాక్సిల్ మరియొక అణువు ఆమ్లభాగముతో కూడి, నీటిని విడిచి, తనలో తానే ముడిపడుచు పోవును. అందుచేత దానిని మిథైల్ ఎస్టరుగ మార్చి, అల్పపీడనమున స్వేదనము చేసి దాచుకొనుట మేలు. ఆముదమునే గాఢక్షారముతో తీవ్రముగ కాచినపుడు లభించు సెబాసిక్ ఆమ్లము మాత్రము ఇట్టి చిక్కులు పెట్టదు. వేడినీటిలో కరగి, చల్లారగనే తెల్లని స్ఫటికములై దిగి, 134 డిగ్రీల దరిదాపున కరగుచు తన స్వచ్ఛతకు తానే సాక్ష్యమిచ్చును. ఒక రకపు నైలానుకు అది ముడిసరుకు. అన్‌డిసైలెనిక్ ఆమ్లమునుండి ఫ్రాన్సులో మరియొక రకపు నైలానును తయారుచేసిరి.

అచ్చయ్యగారు పదవీవిరమణానంతరము భారతదేశపు నూనెగింజలను గురించియు, గానుగను గురించియు చరిత్రగ్రంథములు రచించిరి. అల్పపీడన స్వేదనములో ఆరితేరిన రసాయనజ్ఞుడు ఎద్దుగానుగ నిర్మాణమును అంత ఆదరముతో వర్ణించుట, మన తైలవిద్య చరిత్ర వ్రాయబూనువారికి ఒక దారి చూపినది; వంటాముదపు కుండను గురించి అట్టి గ్రంథము ఇంకను వెలువడవలసియున్నది.